మనిషి కంటే ముందే విదేశం చేరే వివరాలు



జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో, రాయచోటి నుంచో అమలాపురం నుంచో ఒకరు గల్ఫ్‌కు బయలుదేరుతున్నారంటే, విమానం ఎక్కే రోజుకు చాలా ముందే ఆయన వివరాలు సముద్రం దాటి ఉంటాయి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు, ఫోటో, రక్తపరీక్ష ఫలితం, ఛాతీ ఎక్స్‌రే, ఇంటి ఫోన్ నంబరు, అన్నీ వెళ్లిపోతాయి. ఆయన రెండేళ్లకో పదేళ్లకో ఇంటికి తిరిగి వస్తారు. ఆ వివరాలు మాత్రం తిరిగి రావు. అవి ఎక్కడ ఉన్నాయో, ఎవరు చూస్తున్నారో, ఎప్పుడు చెరిపేస్తారో ఆయనకు చెప్పేవారు ఉండరు. ఈ రోజు ఆ సంగతే మీతో మాట్లాడాలని వచ్చాను.

వలసల మీద ప్రభుత్వాలు ఇవాళ చేస్తున్న పనిలో పెద్ద భాగం సమాచారం సేకరించడమే. వీసా దరఖాస్తు, వేలిముద్రలు, కంటిపాప గుర్తు, ముఖం ఫోటో తీసుకుంటారు. ఈ సేకరణే తప్పని నేను అనను. ఏజెంటు చేతిలో మోసపోయిన కార్మికుణ్ణి వెతికి పట్టుకోవాలన్నా, పరాయి దేశంలో ఆసుపత్రి శవాగారంలో ఉన్న మనిషి ఎవరో తెలుసుకోవాలన్నా రికార్డు ఉండాలి. నా బాధ వేరే ఉంది. వివరాలు దేశం దాటుతున్నాయి గానీ, ఆ వివరాల మీద మనిషికి ఉన్న హక్కు వాటి వెంట దాటడం లేదు.

మన గల్ఫ్ కార్మికుడి దారినే పట్టుకుని చూద్దాం. పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్ట్ వస్తుంది. ఆ పాస్‌పోర్ట్‌తో గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి కావాలి. ఆ అనుమతి కోసం 2014 నుంచి ఈమైగ్రేట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ నడుస్తోంది. కాగితం మీద చూస్తే మంచి ఏర్పాటే. కానీ మన ఊళ్లలో మొదటి అడుగు ఈమైగ్రేట్‌లో పడదు. ఊళ్లోని సబ్ ఏజెంటు దగ్గర పడుతుంది. "పాస్‌పోర్ట్ ఫోటో తీసి వాట్సాప్‌ల పెట్టు తమ్మీ, వీసా వచ్చినంక మాట్లాడుకుందాం" అంటాడు. ఆ ఫోటో ఊళ్లోంచి కోరుట్లకో నిజామాబాద్‌కో, అక్కణ్నుంచి హైదరాబాద్‌కో ముంబయికో, అక్కణ్నుంచి రియాద్‌కో చేరుతుంది. ఆ సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు. మధ్యలో ఎంతమంది ఫోన్లలో ఆ పాస్‌పోర్ట్ నిలిచిపోయిందో లెక్క కూడా ఉండదు. ఒకరి పాస్‌పోర్ట్ నకలు, ఒక ఫోటో చేతిలో ఉంటే దొంగ ఆఫర్ లెటర్ తయారుచేయవచ్చు, వారి పేరు మీద సిమ్ తీసుకోవచ్చు. ఉద్యోగాల పేరుతో బయోడేటాలు పోగుచేసి, మన యువకులను కాంబోడియా, మయన్మార్‌లలోని సైబర్ మోసాల శిబిరాలకు తరలించిన ఉదంతాలు మీరు వార్తల్లో విన్నారు. ఆ మోసాలు కూడా ఇలా చేతులు మారిన వివరాలతోనే మొదలవుతాయి.

తర్వాత మెడికల్. మన కార్మికులు ఇప్పటికీ "గమ్కా మెడికల్" అనే అంటారు. దాని పేరు ఇప్పుడు వాఫిద్. ఆ వ్యవస్థలో గుర్తింపు ఉన్న కేంద్రంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, క్షయ వంటి వాటికి పరీక్షలు చేసి ఫలితాన్ని ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు. ఫిట్ లేదా అన్‌ఫిట్, ఒక్క మాటతో మనిషి బతుకు మలుపు తిరుగుతుంది. ఎప్పుడో చిన్నప్పుడు క్షయ వచ్చి, మందులు వాడి పూర్తిగా నయమైన వారికి కూడా ఊపిరితిత్తి మీద పాత మచ్చ ఎక్స్‌రేలో కనిపిస్తే అన్‌ఫిట్ అని రావచ్చు. ఆ ముద్ర ఒక్క దేశానికే పరిమితం కాదు. గల్ఫ్ సహకార మండలి దేశాలు ఆరూ కలిసి నడిపే వ్యవస్థ అది. సౌదీకి చేసిన పరీక్ష ఫలితం మిగతా దేశాలకు కూడా అడ్డుగా నిలబడవచ్చు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఒక మనిషికి హెచ్‌ఐవీ ఉందా లేదా అన్న విషయం ఆ మనిషికి, వైద్యుడికి మధ్య ఉండవలసినది. మన దేశంలో 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. పరీక్షకు ముందు సమ్మతి తీసుకోవాలని, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని ఆ చట్టం చెబుతుంది. పరీక్ష జరిగేది హైదరాబాద్‌లోని కేంద్రంలో, చేసేది మన దేశపు టెక్నీషియన్. అయినా ఆ ఫలితం మనిషి చేతికి రాకముందే విదేశీ వ్యవస్థ తెర మీదికి చేరిపోతోంది. ఏజెంటుకు కూడా తెలిసిపోతోంది. ఏజెంటుకు తెలిస్తే ఊరికి తెలుస్తుంది. ఉద్యోగం రాకపోవడం ఒక దెబ్బ. ఊళ్లో మొహం చూపించలేకపోవడం అంతకంటే పెద్ద దెబ్బ. ఈ రెండో దెబ్బ పూర్తిగా మనం ఆపగలిగినదే. ఏ దేశంతో ఒప్పందమూ అక్కర్లేదు. ఫలితాన్ని అభ్యర్థికి తప్ప ఇంకెవరి చేతికీ ఇవ్వకూడదన్న నియమాన్ని గట్టిగా అమలుచేస్తే చాలు.

గల్ఫ్‌లో దిగాక మళ్లీ కొత్త ఖాతా మొదలు. కువైట్‌నే తీసుకోండి. అక్కడ నివసించే విదేశీయులంతా వేలిముద్రలు, కంటిపాప, ముఖం గుర్తులు ఇవ్వాలని, 2024 డిసెంబరు 31 లోపు పూర్తిచేయాలని ఆ ప్రభుత్వం గడువు పెట్టింది. ఇవ్వనివారి ప్రభుత్వ లావాదేవీలు ఆగిపోయాయి. కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న మన అక్కచెల్లెళ్లు కూడా ఆ వరుసల్లో నిలబడ్డారు. తీసుకున్న గుర్తులు ఎన్నేళ్లు ఉంచుతారు, ఏ దేశంతో పంచుకుంటారు అని అడిగే అవకాశం వారికి ఎక్కడిది?

సౌదీలో హురూబ్ అనే మాట వింటే మన కార్మికుల గుండె జారిపోతుంది. కార్మికుడు పని వదిలి పారిపోయాడని యజమాని, అంటే కఫీల్, ప్రభుత్వ వ్యవస్థలో ఆన్‌లైన్‌లోనే నమోదు చేయగలడు. జీతం అడిగినందుకు, సెలవు అడిగినందుకు కక్షకొద్దీ హురూబ్ పెట్టిన కఫీల్‌లు ఉన్నారు. ఆ నమోదు ఖాయమైతే అతను చట్టం దృష్టిలో అక్రమంగా ఉంటున్న మనిషి. అఖామా, అంటే నివాస అనుమతి కార్డు, పనికిరాదు, పోలీసులకు దొరికితే జైలు, తర్వాత దేశం నుంచి పంపివేత, మళ్లీ అడుగు పెట్టకుండా వేలిముద్రల మీద నిషేధం. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు తప్పు పడితే తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగైనా సరిచేయించుకుంటాం. రియాద్‌లోని కంప్యూటరులో పడిన తప్పును కోరుట్లలో కూర్చుని ఎవరితో సరిచేయించుకోవాలి? వ్యక్తిగత సమాచార రక్షణ అంటే రహస్యాలు దాచుకోవడమే అని చాలామంది అనుకుంటారు. గల్ఫ్ కార్మికుడికి దాచుకోవడం కంటే ముఖ్యమైనది సరిచేయించుకునే హక్కు. తప్పుడు వివరం అతని అన్నం ముద్దను లాగేస్తుంది.

మరి చట్టాలు లేవా అంటే ఉన్నాయి. గల్ఫ్‌లో అందరికంటే ముందు ఖతార్ 2016లో చట్టం చేసింది. బహ్రెయిన్ 2018లో, యూఏఈ 2021లో, ఒమన్ 2022లో చేశాయి. సౌదీ చట్టం 2023 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. తన వివరాలు చూసుకునే హక్కు, దిద్దించుకునే హక్కు ఇలాంటి చట్టాల్లో కనిపిస్తాయి. అయితే ప్రభుత్వ శాఖలకు, భద్రతా విభాగాలకు వాటిలో పెద్ద పెద్ద మినహాయింపులు ఉంటాయి. వలస కార్మికుడి వివరాలు ఎక్కువగా ఉండేది ఆ శాఖల దగ్గరే. పైగా ఫిర్యాదు చేయాలంటే భాష, ఖర్చు, సమయం కావాలి. కఫీల్‌కు కోపం వస్తుందన్న భయం పోవాలి.

ఇక మన దేశం సంగతి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు అక్కణ్నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టంలో మన తెలుగువాళ్లు గట్టిగా పట్టుకోవలసిన అంశం ఒకటుంది. మీ వివరాలు తీసుకునే సంస్థ వాటిని ఎందుకు తీసుకుంటున్నదో ముందుగా తెలియజేయాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. అంటే ఆ గడువు తీరాక రిక్రూటింగ్ ఏజెన్సీ అయినా, మెడికల్ సెంటరు అయినా, "ఇక్కడ సంతకం పెట్టు" అని ఇంగ్లీషు కాగితం ముందుకు తోస్తే, తెలుగులో ఇవ్వండి అని అడిగే హక్కు మీది. ఇంకొకటి కూడా ఉంది. మనిషి చనిపోతే, లేదా మాట్లాడలేని స్థితికి చేరితే, అతని తరఫున ఈ హక్కులు అడగడానికి ఒకరిని నామినీగా పెట్టుకోవచ్చు. గల్ఫ్‌లో చనిపోయిన భర్త కాగితాల కోసం ఏజెన్సీ గుమ్మం ముందు నిలబడిన భార్యకు ఇది ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. భారతీయుల వివరాలను ఏ దేశానికి పంపకూడదో కేంద్రం నోటిఫికేషన్ ద్వారా చెప్పవచ్చు, చెప్పనంతవరకు పంపవచ్చు అన్నది ఈ చట్టం పద్ధతి. అందుకున్న దేశంలో రక్షణ ఉందా లేదా అని ముందే తేల్చుకునే పద్ధతి ఇందులో లేదు. కేంద్రం గుర్తించిన ప్రభుత్వ సంస్థలకు మొత్తంగానే మినహాయింపు ఇచ్చే వీలుంది. మరో సంగతి. విదేశీ కంపెనీతో కాంట్రాక్టు మీద, విదేశాల్లో ఉన్నవారి వివరాలను ఇక్కడ నిర్వహించే సంస్థలకు చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఉంది. హైదరాబాద్ మాదాపూర్‌లో కూర్చుని మన పిల్లలు చేసే పనిలో ఇలాంటిది కూడా ఉంది. మనవాళ్ల వివరాలు పరాయి దేశంలో భద్రంగా ఉండాలని కోరుకునే మనం, పరాయివారి వివరాలకు ఇక్కడ తక్కువ రక్షణ ఇవ్వడం నాకు న్యాయంగా తోచదు.

అమాయకుల వివరాలు సరిహద్దు దాటితే ఎంత ప్రమాదమో లోకానికి చూపించింది రోహింగ్యాల ఉదంతం. 2017లో మయన్మార్ సైన్యం దాడులకు తట్టుకోలేక లక్షలమంది బంగ్లాదేశ్‌కు, కాక్స్ బజార్ శిబిరాలకు పారిపోయి వచ్చారు. 2018 నుంచి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, బంగ్లాదేశ్ ప్రభుత్వం కలిసి వారి వేలిముద్రలు, ఫోటోలు, కుటుంబ వివరాలు నమోదు చేశాయి. రేషన్ కావాలన్నా, సాయం అందాలన్నా ఆ నమోదు తర్వాత ఇచ్చే కార్డు ఉండాలి. ఆ వివరాల్లో కొంత భాగాన్ని బంగ్లాదేశ్ ప్రభుత్వం మయన్మార్‌కే పంపింది. ఎవరి నుంచి పారిపోయి వచ్చారో వారికే. తిరిగి పంపడానికి ఎవరు అర్హులో తేల్చమని కనీసం 8 లక్షల 30 వేలమంది వివరాలు ఇచ్చినట్టు హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2021 జూన్‌లో వెల్లడించింది. ఆ సంస్థ మాట్లాడిన 24 మందిలో దాదాపు అందరూ, మయన్మార్‌కు పంపుతారని తమకు చెప్పలేదన్నారు. నమోదు తర్వాత చేతికిచ్చిన రసీదులో వివరాలు పంచుకోవడానికి సమ్మతించినట్టు గడి ఉంది. ఆ రసీదు ఇంగ్లీషులో ఉంది. ఆ 24 మందిలో ఇంగ్లీషు చదవగలిగినవారు ముగ్గురే.

శరణార్థుల సంస్థ ఈ ఆరోపణను ఒప్పుకోలేదు. తాము విడిగా వివరించి, సమ్మతి తీసుకున్నామని చెప్పింది. ఆ మాట కూడా మీకు చెప్పడం ధర్మం. కానీ నేను అడిగేది ఇది. ఆకలితో, పసిపిల్లలతో వరుసలో నిలబడ్డ తల్లి దగ్గర, రేషన్ కార్డు ఇచ్చే బల్ల మీదే సమ్మతి తీసుకుంటే, ఆ సమ్మతికి విలువ ఎంత? కాదంటే బియ్యం రావేమోనన్న భయం ఉన్నచోట అవునన్న మాటను నేను ఒప్పుకోలుగా లెక్కించను. మన ఏజెంటు ఆఫీసులో అప్పు తెచ్చిన డబ్బు కట్టేసి కూర్చున్న కుర్రాడి సంతకానికీ ఇదే వర్తిస్తుంది.

నిజాయతీగా పనిచేసే సంస్థల దగ్గర కూడా వివరాలు క్షేమంగా ఉంటాయన్న భరోసా లేదు. 2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సర్వర్లలోకి దొంగలు చొరబడ్డారని బయటపడింది. యుద్ధాల్లో, వలసల్లో, విపత్తుల్లో కుటుంబాలకు దూరమైన 5 లక్షల 15 వేల మందికి పైగా మనుషుల వివరాలవి. తప్పిపోయినవారిని ఇంటివారితో కలిపే విభాగం వ్యవస్థలనే కొంతకాలం ఆపేయవలసి వచ్చింది. తప్పిపోయిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లికి ఆ కొద్దికాలమూ ఎలా గడిచి ఉంటుందో ఊహించండి.

ఐరోపా ఈ విషయంలో కొంత దారి చూపింది. 2018 మే నుంచి అమలులో ఉన్న అక్కడి సమాచార పరిరక్షణ నిబంధనల ప్రకారం, మనిషి వివరాలు ఐరోపా దాటి వెళ్లినా రక్షణ వాటి వెంటే వెళ్లాలి. అందుకునే దేశంలో సమానమైన రక్షణ ఉందని నిర్ధారించుకోవాలి, లేదా ఒప్పందంలో గట్టి షరతులు రాయాలి. మాక్స్ ష్రెమ్స్ అనే ఆస్ట్రియా యువకుడు వేసిన ఫిర్యాదుల మీద ఐరోపా న్యాయస్థానం, అమెరికాకు వివరాలు పంపే ఒప్పందాలను 2015లో ఒకటి, 2020లో మరొకటి కొట్టేసింది. ఒక మామూలు మనిషి తలుపు తడితే తెరిచే న్యాయస్థానం అక్కడ ఉంది. కానీ అదే ఐరోపా శరణు కోరి వచ్చినవారి దగ్గరికి వచ్చేసరికి గీత మార్చేసింది. 2003 నుంచి నడుస్తున్న యూరోడాక్ వ్యవస్థలో 14 ఏళ్లు నిండినవారి వేలిముద్రలు తీసుకునేవారు. 2024లో చేసిన కొత్త నిబంధనలు ఆ వయసును ఆరేళ్లకు దించాయి, ముఖం ఫోటోను కూడా చేర్చాయి. ఆ ముద్రలకు భయపడి వేళ్ల కొనలు కాల్చుకున్న మనుషులు ఫ్రాన్సులోని కలే రేవు దగ్గర ఉన్నారు. సొంత పౌరుడికి ఒక కొలత, శరణార్థికి ఇంకో కొలత పెట్టడం ఎవరు చేసినా తప్పే.

అమెరికా చదువులకు పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులు కూడా నా మాట వింటూ ఉంటారు. వీసా దరఖాస్తులో సామాజిక మాధ్యమాల ఖాతాల పేర్లు రాయడం 2019 నుంచే ఉంది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు, ఆ ఏడాది డిసెంబరు నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 కోరేవారు తమ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలన్నారు. అధికారి చూడాలంటే అధికారికి మాత్రమే చూపించే ఏర్పాటు చేయవచ్చు. లోకమంతా చూసేలా తెరవమనడం వల్ల ముఖ్యంగా ఆడపిల్లల ఫోటోలు, కుటుంబ వివరాలు ఎవరి చేతికి చిక్కుతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు.

అంతర్జాతీయంగా మంచి మాటలు రాసి పెట్టుకోలేదని కాదు. అంతర్జాతీయ వలసల సంస్థ 2009లోనే సమాచార పరిరక్షణకు 13 సూత్రాలు ఒప్పుకుంది. 2018 డిసెంబరులో మర్రకేష్‌లో ఆమోదించిన వలసల ప్రపంచ ఒప్పందం కూడా వలసదారుల గోప్యతను కాపాడాలని చెబుతుంది, దానికి ఐక్యరాజ్యసమితిలో మన దేశం అనుకూలంగా ఓటు వేసింది. అది ఎవరినీ చట్టపరంగా కట్టిపడేసేది కాదు. కట్టిపడేసే శక్తి రెండు దేశాల మధ్య జరిగే కార్మిక ఒప్పందాలకు ఉండవచ్చు. అందుకే నేను కోరేది ఢిల్లీలో కూర్చుని ఒప్పందాలు రాసేవారిని. జీతం, వసతి, బీమా గురించి రాసినట్టే కార్మికుడి వివరాల గురించి కూడా ఒక అధ్యాయం రాయండి. ఏ వివరాలు వెళ్తాయి, ఎన్నేళ్లు ఉంటాయి, తప్పు పడితే ఎవరు సరిచేస్తారు, ఊళ్లో ఉన్న మనిషి తెలుగులో ఫిర్యాదు ఇస్తే ఎన్ని రోజుల్లో జవాబు రావాలి, ఇవన్నీ రాయండి. హురూబ్ పడిందని తెలిసిన వెంటనే కార్మికుడికి, మన రాయబార కార్యాలయానికి కబురు అందాలని రాయండి. 1983 చట్టం స్థానంలో కొత్త చట్టం తేవడానికి 2025లో ముసాయిదా ప్రజల ముందుకు వచ్చింది. ఆ చట్టంలో ఈ మాటలు చేరకపోతే ఇంకో తరం కార్మికులు నష్టపోతారు.

ఇక మీ ఇంట్లో ఎవరైనా గల్ఫ్ ప్రయత్నంలో ఉంటే, ఈ మాటలు వారికి చెప్పండి. పాస్‌పోర్ట్ ఫోటో ఎవరికైనా పంపే ముందు ఆ ఏజెన్సీ లైసెన్సు నంబరు అడగండి, ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. పంపే నకలు మీద ఏ ఉద్యోగం కోసం, ఏ తేదీన ఇస్తున్నారో అడ్డంగా రాసి ఇవ్వండి. మెడికల్ రిపోర్టు మీ చేతికి అడిగి తీసుకోండి, ఏజెంటు దగ్గర వదలకండి. వీసా, కాంట్రాక్టు, అఖామా నకళ్లు ఇంట్లో భార్య దగ్గరో తల్లి దగ్గరో ఒక సెట్టు ఉంచండి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి, తెలుగులో ఇవ్వమని అడగండి. అడిగితే వీసా పోతుందేమోనని వెనకాడకండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు, ఊరంతా అడిగితే అచ్చువేసి ఇస్తారు.